పంది పడ్డ చోటే కేంద్రం

మా లొద్దిపేటకు జిల్లా స్థాయి కేంద్రం ఎలా వచ్చిందని చుట్టుపక్కల ఊళ్లలోని నా తోటి పంచాయతీ కార్యదర్శులు నన్ను అడుగుతుంటారు. ఎవరి కాళ్లు పట్టుకున్నావు, ఎవరిచేత ఫోన్ చేయించావు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. పాపం, వాళ్లు ఒక పశువుల ఆసుపత్రి కోసం పదేళ్లుగా తిరుగుతున్నారు. మాకు మాత్రం అడగకుండానే, నాలుగు రోజుల్లో, బోర్డుతో సహా కేంద్రం వచ్చేసింది. నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఒక పంది చచ్చింది, నేనొక ఉత్తరం రాశాను. పంది చావులో నా తప్పేమీ లేదు. ఉత్తరం మాత్రం నాదే.

పంది చచ్చింది కాశవ్వ చేనులో. అడవిని ఆనుకుని కాశవ్వకు ఎకరన్నర ఉంది. భర్త పోయి ఆరేళ్లయింది. ఆ ఎకరన్నరలో మొక్కజొన్న వేస్తుంది, దాని మీదే ఏడాదంతా నెట్టుకొస్తుంది. వేరే ఆధారం లేదు. ఆ ఏడు పంట బ్రహ్మాండంగా వచ్చింది. కంకుల మీద పొట్టు తెల్లబడి, ఇంకో వారంలో విరుచుకోవచ్చు అనుకుంటుండగా అడవిపందులు దిగాయి. పంది తినేది తక్కువ, పడగొట్టేది ఎక్కువ. కాశవ్వ చేను చుట్టూ పాత చీరలు కట్టింది, ఖాళీ సీసాలు వేలాడదీసింది, రేకు డబ్బా కొట్టీ కొట్టీ సొట్టలు పడేలా చేసింది. నాలుగు రోజులకు పందులకు ఆ చప్పుడు అలవాటైపోయింది. చివరికి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. పంచాయతీ తీర్మానం చేసింది, పైవాళ్లు ఒప్పుకున్నారు, పందిని కాల్చడానికి ప్రభుదాసు సారుకు అనుమతి వచ్చింది.

ప్రభుదాసు సారు మా హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరైనా వంకరగా నిలబడితే ఆయన చెయ్యి ఈల కోసం మెడ దగ్గరికి పోతుంది. ప్రభుత్వ జాబితాలో పేరున్న షూటరు. వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన తుపాకిని వారానికి రెండుసార్లు తుడుస్తారు. ఆయన లైసెన్సు మీద ముప్పై ఏళ్లలో ఒక్క మచ్చ లేదు.

ఇదివరకు పంది చస్తే పని చాలా సులువు. గొయ్యి తీయడం, ఎవరూ తవ్వుకు తినకుండా కిరసనాయిలు పోసి పూడ్చడం, పంచనామా రాసి నలుగురి చేత సంతకాలు పెట్టించడం. పొద్దున్నే మొదలుపెడితే టిఫిను వేళకు ఇంటికి చేరేవాళ్లం. ఆ ఏడాదే కొత్తగా 'పెద్ద జంతువుల వేటానంతర తప్పనిసరి తనిఖీ నిబంధనలు' వచ్చాయి. ముప్పై ఎనిమిది పేజీల పుస్తకం. చదువుతుంటే మనం ఏ ఆఫ్రికాలోనో ఉన్నామనిపిస్తుంది. వేటాడిన జంతువును ఎలా చూడాలి, ఎవరు చూడాలి, ఎన్నిసార్లు చూడాలి, అన్నీ రాశారు. మా జిల్లాలో కాల్చడానికి అనుమతి ఉన్న పెద్ద జంతువు పంది ఒక్కటే కాబట్టి ముప్పై ఎనిమిది పేజీలూ దాని నెత్తినే పడ్డాయి.

రాత్రి పందిని కాల్చానని పొద్దున ఆరింటికి ప్రభుదాసు సారు ఫోన్ చేస్తే వెళ్లాను. చేను నడిమధ్యన పంది పక్కకు ఒరిగి పడుంది. పెద్దది, మగది. పక్కనే సారు పుస్తకం పట్టుకుని అటెన్షన్లో నిలబడి ఉన్నారు. కాశవ్వ అప్పటికే పార తెచ్చేసింది.

"ఒక్క చేటు తప్పింది సారూ," అంది నన్ను చూసి. "ఇగ దీన్ని గీ ఒడ్డుకు గుంజి పాతేస్తే, రేపెల్లుండిట్ల కంకులు ఇరుసుకుంట."

"ఆగమ్మా, ఆగు," అన్నారు ప్రభుదాసు సారు. "సెక్రెటరీ గారూ, ఆరో నిబంధన వినండి. వేటగాడు ఇరవైనాలుగు గంటలలోగా జంతువును స్వయంగా తనిఖీ కేంద్రమునకు హాజరుపరచవలెను. ఇప్పుడు పదకొండో నిబంధన వినండి. తనిఖీ పూర్తగునంత వరకు జంతువును పడిన చోటు నుండి కదిలించుట, పొర్లించుట, కప్పుట నిషిద్ధము."

"అయితే?"

"కదిలిస్తే పదకొండు తప్పుతుంది. కదిలించకపోతే ఆరు తప్పుతుంది. ఎటైనా తుపాకి పోతుంది."

"మరి పాతేద్దాం సారూ, ఎవలు జూత్తరు?" అంది కాశవ్వ. మా ముగ్గురిలో తెలివైన మాట అన్నది ఆమె ఒక్కతే. నేను అది అప్పుడు గుర్తించలేదు. పన్నెండేళ్ల సర్వీసున్నవాణ్ని, నాకు ఇలాంటివి కొత్తా అనుకున్నాను.

"దాందేముంది సార్," అన్నాను. "పైకి రాసి స్పష్టత అడుగుదాం."

ప్రభుత్వంలో పనిచేసేవాడు లంచం పట్టినా బయటపడొచ్చు, ఫైలు పోగొట్టినా బయటపడొచ్చు. స్పష్టత అడిగినవాడు మాత్రం బయటపడలేడు. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. చక్కగా టైపు చేసి, రెండు నిబంధనలకూ కింద గీతలు గీసి, 'సత్వర మార్గదర్శనం కోరడమైనది' అని ముగించి పంపాను. ఉత్తరం బాగా వచ్చిందని మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

జవాబు రెండు రోజులకు వచ్చింది, జీపులో. జీపు దిగినాయన ఉప తనిఖీ అధికారి అనంతపద్మనాభం గారు. సన్నగా, పొడుగ్గా, చంకలో ఫైలుతో ఉంటారు. మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నారేమో అనిపిస్తుంది. చేను గట్టు మీద నిలబడి, ముక్కుకు రుమాలు కట్టుకుని, ఉత్తర్వు చదివారు.

"విషయమేమనగా, ఆరవ నిబంధనయు, పదకొండవ నిబంధనయు సమానముగా పవిత్రమైనవి. ఒకదాని కొరకు మరియొకదానిని బలి చేయుటకు విభాగము సిద్ధముగా లేదు. జంతువు కేంద్రము వద్దకు రాజాలదు గనుక, కేంద్రమే జంతువు వద్దకు రావలెను. తత్కారణమున, సదరు జంతువు పడియున్న స్థలమును, అది పడిన క్షణము నుండియే అమలగునట్లు, జిల్లా పెద్ద జంతువుల తనిఖీ కేంద్రముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది."

ప్రభుదాసు సారు సెల్యూట్ కొట్టారు. ఆయన తుపాకి దక్కింది. రెండు నిబంధనలూ దక్కాయి. నేను కూడా, నిజం చెప్పాలంటే, ఎంత బాగా ఆలోచించారో అనుకున్నాను.

"సారేమంటుండు?" అని కాశవ్వ నన్ను అడిగింది.

"నీ చేనుకే ఆఫీసు వచ్చిందంటున్నారు అక్కా."

"నా చేన్లకా? నాకెందుకు సారూ ఆఫీసు? గా పందిని తియ్యమను."

పందిని తీయడానికి లేదు. ముందు తనిఖీ కావాలి. తనిఖీకి కేంద్రం సిద్ధం కావాలి. కేంద్రమంటే దానికి జీపు పట్టే దారి ఉండాలి, రేకుల షెడ్డు ఉండాలి, వేటగాళ్లు కూర్చోవడానికి బెంచీ ఉండాలి, బోర్డు ఉండాలి. గట్టు నుంచి పంది దాకా నిలువునా మొక్కజొన్న నరికి దారి వేశారు. పంది చుట్టూ ఇంకో పది గుంటల పంట, అంటే పావెకరం, నరికి షెడ్డు లేపారు. నరికిన కంకులు తీసుకుపోతానని కాశవ్వ బుట్ట తెచ్చుకుంటే అనంతపద్మనాభం గారు చెయ్యి అడ్డం పెట్టారు. కేంద్రం ఆవరణలోంచి ఏ వస్తువూ బయటికి పోరాదని ఇరవై రెండో నిబంధన. పైగా అవి మామూలు కంకులు కావు, మృత జంతువు ఆఖరుసారి తిన్న ఆహారం తాలూకు నమూనాలు. వాటిని ఒక మూల పోగుపోసి, పైన చీటీ అంటించారు. మూడో రోజుకే పోగులో బూజు పట్టింది.

ఈలోగా పంది పాడుకాకుండా మండలంలోని చేపల మార్కెట్ నుంచి ఐసు గడ్డలు తెప్పించారు. పైన వేస్తే కప్పినట్టవుతుంది కాబట్టి చుట్టూ పేర్చారు. మా ఊళ్లో మనిషి పోతే ఐసు పెట్టె రావడానికి సాయంత్రమవుతుంది. ముసలివాళ్లు కొందరు వచ్చి పందిని చూసి, ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకుందో అని నిట్టూర్చి వెళ్లారు.

నాలుగో రోజు తనిఖీ జరిగింది. పశువైద్యురాలు సుకన్య గారు పందిని పావుగంటలో చూసేశారు. ఇది పందే, చచ్చిపోయింది, తుపాకి గుండు వల్లే చచ్చిపోయింది. ఫారం నింపడానికి మాత్రం మూడు గంటలు పట్టింది. ఆ ఫారం ఏ కాలంలోనో అడవిదున్నల కోసం అచ్చేసింది. అందులో కొమ్ముల పొడవుకు గడి ఉంది. సుకన్య గారు దాన్ని ఖాళీగా వదిలేశారు. అనంతపద్మనాభం గారు ఫారం వెనక్కి ఇచ్చారు. ఆవిడ 'లేవు' అని రాశారు. మళ్లీ వెనక్కి ఇచ్చారు.

"కొలత అడిగిన చోట లేవు అనినచో ఎట్లు? సెంటీమీటర్లలో తెలుపుడు."

"సున్నా," అన్నారావిడ పళ్లు బిగబట్టి.

"కుడిదియా, ఎడమదియా?"

"రెండూ సున్నాయే సార్."

"రెండునూ సమానము!" అన్నారాయన మెచ్చుకోలుగా. "సాధారణముగా కొంత వ్యత్యాసముండును." అని రాసుకుని సంతకం పెట్టారు.

పందిని పూడ్చేశాం. కాశవ్వ ఊపిరి పీల్చుకుంది. షెడ్డుకూ దారికీ పోగా ఇంకా ఎకరం పైచిలుకు పంట నిలబడే ఉంది. బుట్ట చంకనేసుకుని చేనులోకి దిగబోయింది.

"ఎక్కడికి?" అన్నారు అనంతపద్మనాభం గారు.

"పంది పాయె గద సారూ. కంకులు ఇరుసుకుంట."

"పంది తనిఖీ ముగిసినది. కేంద్రము ముగియలేదు. కేంద్రమును ప్రారంభించుటకు ఉత్తర్వులున్నవి. మూసివేయుటకు ఉత్తర్వులు లేవు."

ఇక్కడ మీరు ఆయన్ని తిట్టుకుంటారేమో. ఆయన చెడ్డమనిషి కాదు. టీ తాగితే డబ్బులు తనే ఇస్తారు, కాశవ్వను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఉత్తర్వులో లేని పని ఆయన తన ఇంట్లో కూడా చెయ్యరు. అలాంటి మనిషిని ఎదుర్కోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కేంద్రం ఉన్నదని తెలిశాక జిల్లా వేటగాళ్లు ఊరుకుంటారా? ఆరో నిబంధన వాళ్లకూ ఉంది కదా. మర్నాడు తెల్లారేసరికి కాశవ్వ చేను దగ్గర ట్రాక్టర్లు వరసకట్టాయి. నాలుగు మండలాల నుంచి పదకొండు పందులు. బెంచీ చాలక షూటర్లు గట్టు మీద కూర్చున్నారు. అనంతపద్మనాభం గారు పందిపందినీ చూసి, పదకొండు మందికీ పదకొండు నోటీసులు ఇచ్చారు. పడిన చోటు నుంచి కదిలించినందుకు.

పక్క మండలం నుంచి వచ్చిన షూటరు ఒకాయన నోటీసు చదువుకుని ఎగిరిపడ్డాడు. "ఇక్కడికి తెమ్మన్నది మీరే గద సార్!"

"తెమ్మంటిమి. కదిలించమనలేదు."

ఆ షూటరు పందిని అక్కడే వదిలేసి, ఖాళీ ట్రాక్టరుతో వెళ్లిపోయాడు.

చిక్కు పెద్దదవుతోందని అనంతపద్మనాభం గారికీ తోచింది. ఆయన కూడా పైకి రాశారు. ఆయన కూడా స్పష్టతే అడిగారు. ఈసారి జవాబు ఇంకా పైనుంచి, ఇంకా దళసరి కాగితం మీద వచ్చింది. దాన్ని షెడ్డులో అందరినీ నిలబెట్టి చదివారు. సారాంశం నేను చెబుతాను. జంతువు కేంద్రానికి రావాలి, పడిన చోటు నుంచి కదలకూడదు. రెండూ జరగాలంటే ఒకటే దారి. జంతువు కేంద్రంలోనే పడాలి. కనుక ఇకనుంచి జిల్లాలో ఏ పందినైనా సరే, కేంద్రం ఆవరణలోనే కాల్చవలెను.

"మరి పందులు ఇక్కడికి ఎందుకొస్తాయి సార్?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. నోరు ఊరుకోదు.

"మంచి ప్రశ్న," అన్నారు అనంతపద్మనాభం గారు, పేజీ తిప్పి. "ఉత్తర్వులో నాలుగవ పేరా. పందులను రప్పించుటకు ఆవరణలో మిగిలియున్న మొక్కజొన్నను ఆకర్షణ పంటగా గుర్తించడమైనది. సదరు పంటను కోయుట, విరుచుట, కాపలా కాయుట నిషిద్ధము. చుట్టునున్న చీరలు, సీసాలు పందుల రాకకు ఆటంకము గనుక వెంటనే తొలగించవలెను."

కాశవ్వకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు.

"అంటే నా మక్క నేను పందుల కోసం పెంచాల్నా సారూ?"

"పెంచవలసిన పని లేదమ్మా. పెరిగియే ఉన్నది. ముట్టకుండ ఉండిన చాలును."

"మరి నేనేం దినాలె?"

ఆయన ఉత్తర్వు మొత్తం మళ్లీ తిరగేశారు. వెనక పేజీ కూడా చూశారు. "ఆ విషయము ఇందులో ప్రస్తావించబడలేదు," అన్నారు. గొంతులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే వెతికారు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు వెళ్తూ అటు తొంగి చూస్తే కాశవ్వ చేనులో ఉంది. చకచకా కంకులు విరిచి బుట్టలో వేస్తోంది. నన్ను చూసి ఆగలేదు. నేనూ చూడనట్టే చెప్పులో ముల్లు తీసుకోవడానికి వంగాను. ఆ ముల్లు తీయడానికి చాలాసేపు పట్టేలా చూసుకున్నాను. కానీ జీపు వచ్చేసింది.

అనంతపద్మనాభం గారు అరవలేదు. బుట్ట చూశారు, కాశవ్వను చూశారు, పుస్తకం తీశారు. పందుల ఆహారాన్ని అపహరించడం చాలా పెద్ద నేరమట. అయితే ఆమె ఆడమనిషి, మొదటి తప్పు, పైగా ఆవరణ దాటలేదు కాబట్టి కేసు లేకుండా సర్దుకోవచ్చట.

"విరిచిన కంకులను యథాస్థానమున ఉంచినచో చాలును," అన్నారు.

"యథాస్థానం అంటే ఎక్కడ సార్?" అన్నాను.

"ఎక్కడ నుండి తీసిరో అక్కడ. కర్రకు."

నేను నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు. అలా ఆ పొద్దున కాశవ్వ, నేను, అప్పుడే వచ్చిన ప్రభుదాసు సారు ముగ్గురం కలిసి విరిచిన కంకులను మళ్లీ కర్రలకు కట్టాం. గోనెసంచి విప్పి దారాలు తీశాం. కాశవ్వ కంకి పట్టుకుంటే నేను ముడి వేశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "గట్టిగ కట్టుండ్రి సారూ, పందులు రాకముందే రాల్తయి," అంది అంతే. నాకు సిగ్గేసింది. నేను రాసిన ఉత్తరం తలచుకుంటే ఇప్పటికీ అంతే సిగ్గేస్తుంది. ఏ కర్రకు ఏ కంకి అని ప్రభుదాసు సారు ఒకసారి తడబడితే అనంతపద్మనాభం గారు పరవాలేదు, అందాజాగా కట్టండి అన్నారు. అది ఆయన చేసిన ఒకే ఒక్క దయ.

ఇక పందుల కోసం అందరం ఎదురుచూడ్డం మొదలుపెట్టాం. కేంద్రం పనివేళలు పది నుంచి ఐదు. మధ్యాహ్నం అరగంట భోజన విరామం. షూటర్లు బెంచీ మీద తుపాకులు నిలబెట్టుకుని కూర్చునేవాళ్లు. జీపులు, జనం, టీ కెటిల్, ఫ్యాను కోసం పెట్టిన జనరేటరు. ఈ గోలకు పందులు దరిదాపులకు వచ్చేవి కావు. ఐదింటికి షెడ్డుకు తాళం వేసి జీపు వెళ్లిపోయేది. ఐదున్నరకు పందులు వచ్చేవి. చీరలు లేవు, సీసాలు లేవు, అరిచేవాళ్లు లేరు. జీపు కోసం వేసిన దారి వెడల్పుగా ఉంది. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని దర్జాగా నడిచి వచ్చేవి. కాశవ్వ దూరంగా తన గుడిసె ముందు కూర్చుని చూసేది. కాపలా నిషిద్ధం కాబట్టి డబ్బా ముట్టేది కాదు.

ఒక్కసారి మాత్రం ఒక పంది తొందరపడి ఐదుకు పది నిమిషాలు ఉండగా వచ్చింది. ప్రభుదాసు సారు అప్పటికే లేచి తుపాకి ఎత్తారు. పంది యాభై అడుగుల దూరంలో, ఆవరణ లోపల, నిబంధనల ప్రకారం ఎక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడే నిలబడింది. ఒక్క గుండు చాలు. కాశవ్వ తన గుడిసె దగ్గర్నుంచి లేచి నిలబడటం నాకు కనిపించింది.

"ఆగుడు!" అన్నారు అనంతపద్మనాభం గారు గడియారం చూసి. "తనిఖీకి కనీసము గంట పట్టును. వేట జరిగిన పనిదినముననే తనిఖీ ముగియవలెను. ఇప్పుడు కాల్చిన ఐదు దాటును."

"సార్, అది ఎదురుగా ఉంది," అన్నారు ప్రభుదాసు సారు. తుపాకి దించలేదు.

"రేపు పది తరువాత రానిండు."

పంది ఇద్దరినీ చూసింది. కర్రకు కట్టిన కంకి ఒకటి లాక్కుని, దారంతో సహా నమిలింది. ప్రభుదాసు సారు తుపాకి దించి, పక్కనున్న బెంచీ మీద కూలబడ్డారు. ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"సెక్రెటరీ గారూ," అన్నారు మెల్లగా, "ముప్పై ఏళ్లు పిల్లలకు రూలంటే రూలే అని చెప్పాను. ఈల ఊది మనందర్నీ గ్రౌండు బయటికి పంపించాలనుంది."

ఆ వారంలో రెండో శనివారం, ఆదివారం, సోమవారం పండగ కలిసొచ్చాయి. మూడు రోజులు కేంద్రానికి సెలవు. మంగళవారం పొద్దున తాళం తీసి చూస్తే ఆవరణలో షెడ్డు, బోర్డు, బెంచీ తప్ప నిటారుగా నిలబడి ఉన్నది ఏమీ లేదు. కర్రలన్నీ నేల మీద పరుచుకుని ఉన్నాయి. కంకి అన్నది కనపడలేదు. బూజు పట్టిన నమూనాల పోగు కూడా లేదు. చీటీ మాత్రం మిగిలింది.

ఆ తర్వాత పందులు రాలేదు. వారం చూశాం, రెండు వారాలు చూశాం. ఒక్కటీ రాలేదు.

నెల తిరిగేసరికి నివేదిక పంపాల్సిన గడువు వచ్చింది. అనంతపద్మనాభం గారు షెడ్డులో కూర్చుని చెబుతుంటే నేను రాశాను. "కేంద్రము స్థాపించిన నెల దినములలోనే సదరు గ్రామమున అడవిపందుల సంచారము సంపూర్ణముగా నివారించబడినది. ఒక్క గుండైనను వ్యయము కాలేదు. ఈ నమూనాను ఇతర మండలములకు విస్తరింపజేయుట వాంఛనీయము." చెప్పడం ఆపి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆయన కళ్లలో సంతోషం కనిపించింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన చేతి మీదుగా ఒక పని పూర్తిగా నెరవేరడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

"బాధిత రైతు ధ్రువీకరణ ఒకటి జతపరచిన చాలును," అన్నారు.

కాశవ్వను పిలిపించాను. ఆమె పత్తి ఏరే కూలికి పోతోంది అప్పటికి. నడుముకు కట్టిన గుడ్డసంచిలో సగం పత్తితో అలాగే వచ్చింది. మేస్త్రికి చెప్పి వచ్చాను, తొందరగా పోవాలి అంది. చేను వైపు చూడలేదు. షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మా, ఇప్పుడు మీకు పందుల బెడద ఏమైన ఉన్నదా?" అని అడిగారు అనంతపద్మనాభం గారు.

"లేదు సారూ."

"వింటిరా! వ్రాయుడు."

"చేనే లేకపాయె సారూ," అంది కాశవ్వ. "ఇగ పందులేమిటికి వస్తయి?"

నా కలం ఆగింది. అనంతపద్మనాభం గారి వైపు చూశాను.

"రెండవ వాక్యము అడుగని ప్రశ్నకు సమాధానము," అన్నారాయన మర్యాదగానే. "దానిని విడిచిపెట్టుడు."

విడిచిపెట్టాను. ఇంకు ప్యాడు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె బొటనవేలు చీరకొంగుకు తుడుచుకుని, కాగితం మీద నేను రాసిన ఆ ఒక్క లైను వంక చూసింది. ఆమెకు చదవడం రాదు, లెక్కపెట్టడం వచ్చు.

"ఏం రాసిండ్రు సారూ?"

"పందుల బాధ లేదని రాశానక్కా."

"అంతేనా?" అంది. "నేను రెండు మాటలు జెప్తి గద. చదువుకున్నోళ్లు, ఇంకోటి గుడ రాయరాదా?"

ఆమె వేలు పట్టుకుని, ప్యాడు మీద అద్ది, ముద్ర వేయించాను.